రంగు కార్డుల ఆల్బమ్: నాలుగు నెలల పని డైరీ

మే 17

బ్రిమ్‌ఫీల్డ్ సంత నుంచి ఇప్పుడే ఇల్లు చేరాను. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఏడాదికి మూడుసార్లు, మే, జూలై, సెప్టెంబరు నెలల్లో పాత సామాన్ల సంత జరిగే ఊరది. పొలాల నిండా గుడారాలే. ఒక గుడారంలో బల్ల కింద, తుప్పుపట్టిన ఇస్త్రీపెట్టెల పక్కన, అట్ట సగం ఊడిన లావుపాటి పుస్తకం కనిపించింది. కూర్చుని తెరిచాను. ఏ పేజీ తీసినా పిల్లలే. కుక్కపిల్లకు టోపీ పెడుతున్న బాబు, తనకంటే పెద్ద దారపు రీలు ఎక్కి కూర్చున్న పాప, సబ్బు నురగలో మునిగిన చంటిబిడ్డ.

"ఒక్కొక్క కార్డూ ఊడదీసి విడిగా అమ్ముదామనుకుంటున్నాను" అన్నాడు అమ్మే ఆయన. అప్పటికే రెండు ఆకులు చించి ఉన్నాయి. ఆ మాట వినకపోతే బేరమాడేదాన్నే. అడిగినంతా ఇచ్చి, చున్నీలో చుట్టి తెచ్చుకున్నాను.

ఇవి 1880ల నాటి వ్యాపార ప్రకటన కార్డులు. ట్రేడ్ కార్డులంటారు. వీటి మీద చాలా ఏళ్లుగా చదువుతున్నాను, గ్రంథాలయాల్లో చూశాను. ఒక పిల్ల తన చేత్తో అతికించుకున్న పుస్తకం మొత్తంగా నా ఇంట్లోకి రావడం మాత్రం ఇదే మొదలు.

మే 20

ముందు లెక్క. మిగిలినవి 38 ఆకులు. అతికించిన కార్డులు 171. వెనుక అట్టకు అంటించిన కవరులో విడిగా మరో 9. మొత్తం 180. వాటిలో పిల్లల బొమ్మలున్నవి 112. మిగతావి పూలు, పిల్లులు, పడవలు, కోటు వేసుకున్న కప్పలు.

ఈ కార్డులు ఎక్కడివో తెలియని వారి కోసం కొంచెం చెబుతాను. పత్రికల్లో రంగు ప్రకటనలు ఇంకా రాని రోజులవి. దుకాణదారుడు సరుకు పొట్లంతో పాటు అరచేతిలో పట్టే అట్టముక్క ఒకటి ఇచ్చేవాడు. ముందు వైపు రంగు బొమ్మ, వెనుక వైపు సరుకు గురించిన పొగడ్త. 1876లో ఫిలడెల్ఫియాలో అమెరికా శతవార్షిక ప్రదర్శన జరిగింది. ఈ కార్డులు అక్కడ చేతులు మారిన తీరు చూసి దేశమంతటా వ్యాపారులు వీటి వెంట పడ్డారు. ఆ తర్వాత పదిహేనేళ్లు వీటిదే రాజ్యం. సొంతంగా బొమ్మ గీయించుకునే స్తోమత లేని చిన్న దుకాణదారుల కోసం అచ్చు కంపెనీలు బొమ్మలు ముందే వేసి, పేరు రాసుకునే చోటు ఖాళీగా వదిలి అమ్మేవి. అందుకే ఒకే పాప ఒక ఊళ్లో చెప్పులు అమ్ముతుంది, ఇంకో ఊళ్లో బొగ్గు అమ్ముతుంది.

ఇంట్లో రంగు బొమ్మ అన్నదే అరుదు కనుక ఆ కార్డు తిన్నగా పిల్లల చేతికి వెళ్లేది. వాళ్లు పోగుచేసి, మార్చుకుని, పుస్తకాల్లో అతికించుకునేవారు. అగ్గిపెట్టెల బొమ్మలు చించి దాచుకున్న మన తరాలకు దీన్ని వేరే వివరించనక్కరలేదు.

జూన్ 1

ఫోటోలు తీసే ఏర్పాటు ముగిసింది. పుస్తకాన్ని స్కానర్ మీద బోర్లించి నొక్కితే వెన్ను విరిగిపోతుంది. అందుకని రెండు మెత్తటి ఫోమ్ దిండ్లను లోయలా పేర్చి పుస్తకాన్ని అందులో పడుకోబెట్టాను, పూర్తిగా తెరుచుకోకుండా. పైన స్టాండుకు కెమెరా, రెండు పక్కల నుంచి దీపాలు, అంచున రంగుల కొలపట్టీ. విడి కార్డులు తొమ్మిదింటిని మాత్రం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) రెండు వైపులా స్కాన్ చేశాను.

ఫైళ్ల పేర్లలో ఆకు అంకె, ఆ పేజీలో కార్డు ఉన్న చోటు. మొదట కంపెనీ పేరుతో పెట్టాలనుకున్నాను. ఒక సాయంత్రమంతా అలాగే చేసి, తప్పనిపించి మార్చేశాను. కంపెనీ పేరుతో పెడితే ఇది ప్రకటనల గుట్ట అవుతుంది. ఆకు అంకెతో పెడితే ఒక పిల్ల పుస్తకంగానే ఉంటుంది.

తొడుగులు కొన్నాను. విప్పగానే కొత్త వర్షపు కోటు వాసన వేశాయి. ఆ వాసన వేసే ప్లాస్టిక్‌లో కాగితం పెడితే కొన్నేళ్లకు రంగు తొడుగుకు అంటుకుని వస్తుంది. వెనక్కి పంపి, వాసన లేని పాలిఎస్టర్ తొడుగులు తెప్పించాను.

జూన్ 8

ఈరోజంతా ఒకే ఒక్క కార్డుతో గడిచింది. 14వ ఆకు, పై వరుస, రెండవది. గడ్డి టోపీ పెట్టుకున్న పాప ముఖం. పది రెట్లు పెంచి చూపే భూతద్దం కింద పెట్టాను.

మామూలు కంటికి నున్నగా కనిపించే ఆ బుగ్గలో నునుపు ఎక్కడా లేదు. అడుగున లేత పసుపు పూత. దాని మీద గులాబీ చుక్కలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, బుగ్గ ఉబ్బిన చోట దట్టంగా, చెవి వైపు పోతూ పలచగా. గడ్డం కింద నీడలో బూడిద నీలం చుక్కలు. ఇప్పటి అచ్చులో చుక్కలన్నీ జల్లెడ కన్నాల్లా వరుస తప్పకుండా ఉంటాయి. ఇక్కడ వరుసే లేదు. ప్రతి చుక్కా మనిషి చేతిది. ఎవరో ఒక కళాకారుడు రాతి మీద వంగి, కలంతో ఒక్కొక్కటిగా పెట్టినది.

ఇది రాతి అచ్చు. 1790ల చివర్లో బవేరియాలో సెనెఫెల్డర్ కనిపెట్టిన పద్ధతి. నూనె నీళ్లు కలవవు అన్నంత మామూలు సంగతే దీనికి పునాది. నున్నటి సున్నపురాతి మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. రాతిని తడుపుతారు. తర్వాత సిరా రోలర్ దొర్లిస్తే జిడ్డున్న చోటే సిరా పట్టుకుంటుంది, తడి ఉన్న చోట పట్టదు. రంగుల బొమ్మకు ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఈ రంగుల పద్ధతికి ఎంగెల్మన్ 1837లో ఫ్రాన్స్‌లో పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో దీన్ని ఇంటింటికీ చేర్చినవాడు బోస్టన్‌లో స్థిరపడిన లూయీ ప్రాంగ్. పుట్టింది ఇప్పటి పోలండ్‌లో ఉన్న బ్రెస్లావ్‌లో. ఇక్కడ క్రిస్మస్ కార్డుల వ్యాపారానికి దారి వేసిందీ ఆయనే.

ఈ పాప పెదవుల దగ్గర ఎర్ర రాయి వెంట్రుక వాసి కుడికి జరిగింది. అందుకే ఆమెకు రెండు నోళ్లు, ఒకటి ఎర్రది, ఒకటి గోధుమ రంగుది. అచ్చుయంత్రం దగ్గర నిలబడ్డ మనిషి ఆ రోజు కాగితాన్ని సరిగ్గా ఆనించలేదన్నమాట. నూట నలభై ఏళ్ల నాటి ఆ ఒక్క క్షణం ఇక్కడ ఉండిపోయింది.

కింది అంచున, దుమ్ములా కనిపించిన గీతను భూతద్దంలో చూస్తే అక్షరాలు. డొనాల్డ్‌సన్ బ్రదర్స్, ఫైవ్ పాయింట్స్, న్యూయార్క్. పాప ముద్దు ముఖం పుట్టింది న్యూయార్క్‌లో పేదరికానికి మారుపేరైన వాడలో.

జూన్ 15

పదకొండు కార్డుల్లో పిల్లలు ఆ కాలపు దుస్తుల్లో లేరు. నడుము చంకల దాకా ఎత్తిన గౌన్లు, కుచ్చుల టోపీలు. వాళ్ల నాయనమ్మల చిన్ననాటి వేషం. ఇంగ్లండు చిత్రకారిణి కేట్ గ్రీనవే బొమ్మలకు ఇవి నకళ్లు. 1879లో వచ్చిన ఆమె పిల్లల పుస్తకం పెద్ద పేరు తెచ్చుకుంది. విదేశీయుల కృతులకు అమెరికాలో 1891 దాకా కాపీరైటు రక్షణ లేదు. అచ్చు కంపెనీలు ఆమెను అడిగే పని లేకుండా ఆ పిల్లల్ని తెచ్చి సబ్బుల మీద, పొయ్యిల మీద, బూట్ల మీద వేసుకున్నాయి. నా పట్టికలో ఈ పదకొండింటికీ "గ్రీనవే పద్ధతి" అని రాశాను. ఆమె పేరు కార్డుల మీద లేదు, కనీసం ఇక్కడైనా ఉండాలి.

జూన్ 22

అసలు చిక్కు ఇదే. 171 కార్డులు వెనుక వైపు పూర్తిగా జిగురుతో మూసుకుపోయాయి. సరుకు గురించి కంపెనీ ఏమి చెప్పుకుందో ఆ వెనుక వైపే ఉంటుంది. ముందు వైపు పాప నవ్వుతుంది, అమ్మకం వెనుక జరుగుతుంది. రెండూ కలిపి చదవకపోతే సగం చదివినట్టే.

గ్రంథాలయాల్లో అవే కార్డులు వెతికి వెనుక వైపు చదవవచ్చు. బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో, వూస్టర్‌లోని అమెరికన్ ఆంటిక్వేరియన్ సొసైటీలో, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం వారి వార్షా సేకరణలో వేలకొద్దీ ఉన్నాయి. కంపెనీ సొంత బొమ్మలకు ఈ దారి పనికొస్తుంది. ముందే వేసి అమ్మిన బొమ్మలకు పనికిరాదు. అక్కడి కార్డు వెనుక బేకరీ ఉంటే నా కార్డు వెనుక పళ్ల డాక్టరు ఉండవచ్చు.

అమ్మతో ఫోనులో ఈ సంగతి చెప్పాను.

"ఏ జిగురుతో అంటించారే?" అని అడిగింది.

"కొన్ని పిండి జిగురు, కొన్ని తుమ్మజిగురులా ఉన్నాయమ్మా. భూతద్దంలో పిండి పలుకులు కనిపిస్తున్నాయి, ఇంకోచోట గాజులా పగిలిన పెచ్చులున్నాయి."

"పిండిదైతే తడి తగిలితే ఉబ్బుతుంది. గాలిపటానికి అన్నం మెతుకులు పెట్టి అంటించేవాళ్లం కదా, వానలో తడిస్తే తోక దానంతటదే ఊడి చేతికొచ్చేది. కానీ కాగితం కూడా తడుస్తుంది చూసుకో."

కాగితం బాగుచేసే నిపుణులు చెప్పేదీ ఇదే. మిథైల్ సెల్యులోజ్ అనే జిగురులాంటి ముద్దను నొప్పికి పట్టు వేసినట్టు వెనుక నుంచి వేసి, జిగురు నానాక సన్నని ఉక్కు రేకుతో లేపుతారు. ఒక ఆకు చింపిన అంచున సగం వేలాడుతున్న కార్డు ఒకటుంది. దాని మీద ప్రయత్నిస్తాను.

జూలై 3

పాడుచేశాను. జిగురు నానింది, కార్డు లేచింది. కానీ బొమ్మ మీద ఉన్న మెరుపు పూతకు తడి పాకి, పాప గౌను మీద తెల్లటి పొక్కు లేచింది. అద్దుడు కాగితాల మధ్య బరువు పెట్టి ఆరబెట్టినా పోలేదు. వెనుక వైపు చదవగలిగినది మూడే మాటలు: ఒక వీధి పేరు, "అన్ని రకాల", "చవకగా". మూడు మాటల కోసం ఒక పాప గౌను పోయింది.

ఆ రాత్రి 22వ ఆకు తీసి చాలాసేపు చూశాను. నాలుగు మూలలా నాలుగు పాపలు, నలుగురూ మధ్యకు తిరిగి ఉన్నారు. మధ్యలో గుండ్రని కేకు బొమ్మ, బేకింగ్ పౌడరు కార్డు నుంచి కత్తిరించినది. నలుగురు పిల్లలు కేకు చుట్టూ చేరారు. ఏ కంపెనీ ఈ బొమ్మ వేయలేదు. ఒక పిల్ల అయిదు కార్డులతో చేసుకున్న పుట్టినరోజు ఇది. కేకును ఊడదీస్తే దాని వెనుక ఏమి రాసి ఉందో తెలుస్తుంది, పుట్టినరోజు పోతుంది.

నిర్ణయం: అతికించిన ఏ కార్డునూ ఇక తాకను. వెనుక వైపు తెలిసినంతవరకే తెలుస్తుంది.

జూలై 12

విడిగా ఉన్న తొమ్మిదే నాకు మిగిలిన కిటికీలు. ఈరోజు వాటి వెనుక వైపులు చదివాను. అయిదు కుట్టుదారాలవి. రెండు సబ్బులవి. ఒకటి లిడియా పింకమ్ గారి మూలికల మందుది, లిన్ పట్టణం నుంచి. ఆడవాళ్ల నొప్పులకని ఆ మందును 1875 నుంచి అమ్మారు. కార్డు ముందు వైపు ఆవిడ మనవలు. అందులో అయిదో వంతు దాకా ఆల్కహాల్ ఉండేది.

తొమ్మిదవది మిసెస్ విన్‌స్లో సూతింగ్ సిరప్. ముందు వైపు తల్లి ఒడిలో బిడ్డ, పక్కన పెద్దపిల్ల. తల్లి ముఖంలో అలసట లేదు, బిడ్డ కళ్లు నిద్రతో బరువుగా వాలుతున్నాయి. చుక్కలు పెట్టిన చేయి ఎవరిదో గాని ఆ రెప్పల మీద లేత ఊదా నీడ వేసింది. వెనుక వైపు పళ్లు వచ్చే పిల్లలకు దీన్ని మించింది లేదనీ, బిడ్డ హాయిగా నిద్రపోతుందనీ ఉంది. సీసాలో ఏముందో ఒక్క అక్షరం లేదు.

ఉన్నది మార్ఫిన్, నల్లమందు నుంచి తీసే మత్తుమందు. ఔన్సుకు సుమారు 65 మిల్లీగ్రాములు. 1849 నుంచి మెయిన్ రాష్ట్రంలోని బాంగోర్ కేంద్రంగా అమ్మకం మొదలైంది. మందులో ఉన్న మార్ఫిన్‌ను సీసా మీద చెప్పి తీరాలని చట్టం 1906లో గాని రాలేదు. 1911లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని పసిపిల్లల ప్రాణం తీసే మందుల వరుసలో చేర్చింది. అప్పటికి అరవై ఏళ్లుగా తల్లులు దీన్ని చెంచాలో పోసి పట్టారు.

ఆ తల్లులను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పగలంతా పని, రాత్రంతా పళ్లు వచ్చే బిడ్డ ఏడుపు, పక్కన వైద్యుడు లేడు, చేతిలో ఈ కార్డు. కార్డు మీద బిడ్డ నిద్రపోతోంది. నమ్మడానికి అంతకంటే ఏమి కావాలి? మా ఇంట్లో గ్రైప్ వాటర్ సీసా మీద పాములను రెండు చేతులా పట్టుకున్న బలమైన పసివాడు ఉండేవాడు. చిన్నప్పుడు ఆ బొమ్మను కృష్ణుడనుకునేదాన్ని. గ్రీకుల హెర్క్యులీస్ అని పెద్దయ్యాక తెలిసింది. ఎవరైతేనేమి, ఆ బొమ్మ చూసే ఆ సీసా మీద నాకు గురి కుదిరింది.

ఇలాంటిదే ఇంకొకటి నా పుస్తకంలో లేదు గాని, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయంలో ఉంది. ఆల్బనీకి చెందిన లాయిడ్ కంపెనీ 1885లో వేసినది. ఇద్దరు పిల్లలు కంచె పక్కన పుల్లలతో బొమ్మరిల్లు కడుతుంటారు. అమ్మేది పంటినొప్పికి కొకైన్ చుక్కలు, వెల 15 సెంట్లు. కొకైన్ మత్తుతో కంటికి నొప్పి తెలియకుండా చేయవచ్చని వియన్నాలో కోలర్ అనే వైద్యుడు నిరూపించింది అంతకు ముందు ఏడాదే. వైద్యశాలలో నిన్న తెలిసినది ఇవాళ పిల్లల బొమ్మ తగిలించుకుని దుకాణానికి వచ్చేసింది.

జూలై 26

పట్టికలో ఒక పెద్ద తప్పు దిద్దాను. ఆడపిల్లలు 74, మగపిల్లలు 29, తెలియనివారు 9 అని రాసుకున్నాను. గౌను ఉంటే ఆడపిల్ల అనుకున్నాను. ఆ కాలంలో నాలుగైదేళ్ల దాకా మగపిల్లలకూ గౌనులే. కొంత ఆధారం పాపిడి. నడి పాపిడి అయితే ఎక్కువగా ఆడపిల్ల, పక్క పాపిడి అయితే ఎక్కువగా మగపిల్లవాడు. చేతిలో కొరడా, బాకా, చక్రం ఉంటే ఇంకొంత ఆధారం.

నాకు ఇది ముందే తట్టాల్సింది. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మా తమ్ముడికి జడవేసి, పూలు పెట్టి, నా పట్టు గౌను తొడిగి తీయించిన ఫోటో మా ఇంట్లో గోడకు ఉంది. ఇంటికి వచ్చినవాళ్లందరూ పాప ఎవరని అడిగేవారు.

112 కార్డులూ మళ్లీ చూశాను. ఆడపిల్లలు 58, మగపిల్లలు 37, తెలియనివారు 17. తెలియనివారిని అలాగే ఉంచాను.

ఆగస్టు 9

మా ఊరికి అరగంట దూరంలో లోవెల్. నా పుస్తకంలో 23 కార్డులకు ఆ ఊరితో సంబంధం ఉంది. హుడ్ గారి సార్సపరిల్లా అనే మూలికల టానిక్కు అక్కడిది, మందుల తయారీ అయర్ కంపెనీ అక్కడిది. హుడ్ వారు పాప తల ఆకారంలో కత్తిరించిన క్యాలెండర్లు కూడా పంచేవారు. అలాంటిదొకటి 30వ ఆకులో ఉంది, నెలల కాగితాలు ఊడిపోయి ముఖం మాత్రమే మిగిలింది.

అదే లోవెల్ బట్టల మిల్లుల ఊరు. బూట్ మిల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడ మగ్గాలను ఇప్పటికీ నడిపి చూపిస్తారు. లోపలికి వెళ్లేముందు చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలిచ్చారు. నేల అరికాళ్ల గుండా పళ్ల దాకా వణికింది. నడుస్తున్నవి కొన్ని మగ్గాలే. హాలు నిండా నడిచే రోజుల్లో, రోజంతా అందులో ఉండే పిల్లల్ని తలుచుకున్నాను. వడికే గదుల్లో నిండిన కండెలు తీసి ఖాళీ కండెలు పెట్టే పని పిల్లలదే. వాళ్ల చేతులు చిన్నవి, వేళ్లు చురుకైనవి.

ఈ రాష్ట్రంలో పన్నెండేళ్ల లోపు పిల్లల చేత మిల్లులో రోజుకు పది గంటలకు మించి పని చేయించరాదని 1842లోనే చట్టం చేశారు. పది గంటలు! దేశం మొత్తం మీద 1880 జనాభా లెక్కల్లో పది నుంచి పదిహేనేళ్ల వయసులో పనిచేసే పిల్లలు 11 లక్షల పైచిలుకు, అంటే ఆరుగురిలో ఒకరు. 1900 నాటికి 17 లక్షల 50 వేలు. ఇంటి పొలంలోనో మిల్లులోనో, వాళ్లు పని చేస్తున్నారు.

నా పుస్తకంలో అత్యధికం దారపు కంపెనీల కార్డులు: నెవార్క్ నుంచి క్లార్క్ వారి ఓ.ఎన్.టి. ("మా కొత్త దారం" అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు), పాటకెట్ నుంచి కోట్స్, విల్లిమాంటిక్. మొత్తం 41. వాటిలో పిల్లలు దారంతో గాలిపటాలు ఎగరేస్తారు, చేపలు పడతారు, పిల్లిని కట్టేసి ఆడతారు. ఒక్క కార్డులోనూ ఏ పిల్లా కండె పట్టుకోలేదు. 112 కార్డులూ ఇంకోసారి తిరగేశాను, పని చేస్తున్న పిల్లల కోసం. పాప బొమ్మకు అంట్లు తోముతోంది, బాబు చీపురుతో ఆడుతున్నాడు. పని కూడా ఆటే. చెమట పట్టిన పిల్ల ఒక్కరూ లేరు.

నిజంగా పని చేస్తున్న పిల్లలు రెండు కార్డుల్లో మాత్రం ఉన్నారు, కానీ వాళ్ల గురించి విడిగా రాయాలి.

ఆగస్టు 23

వాయిదా వేస్తూ వచ్చిన పని. ఏడు కార్డుల్లో నల్లజాతి పిల్లలున్నారు. బానిసత్వం రద్దయి అప్పటికి పదిహేను, ఇరవై ఏళ్లు. పని చేస్తూ కనిపించిన ఆ ఇద్దరు పిల్లలూ వీళ్లలోనివారే: ఒకడు బూట్లు తుడుస్తున్నాడు, ఒకడు పొయ్యికి నల్లరంగు పూస్తున్నాడు.

భూతద్దం కింద తేడా ఇంకా స్పష్టం. తెల్లపాప బుగ్గకు నాలుగు రంగుల చుక్కలు, వేలకొద్దీ. ఈ పిల్లల ముఖాలకు ఒకే ముదురు గోధుమ పూత, దాని మీద తెల్లటి కళ్లు, ఎర్రటి పెద్ద నోరు. ముఖం గీయడానికి వెచ్చించిన సమయమే వేరు. అక్కడ ఒక బిడ్డను చూసి గీశారు. ఇక్కడ నవ్వడానికి ఒక ముసుగు గీశారు. ఒక సబ్బు కార్డులో పిల్లవాడి చేయి తోమగా తెల్లబడుతోంది. పక్కనున్న తెల్లపాప చప్పట్లు కొడుతోంది.

ముఖానికి తెలుపు వస్తుందని చెప్పే క్రీము ట్యూబు నా చిన్నప్పుడు మా ఇంటి అద్దం ముందు ఉండేది. ఆ కార్డు ముందు కూర్చున్నప్పుడు ఆ ట్యూబు గుర్తుకొచ్చి చాలాసేపు కదలలేకపోయాను.

పట్టికలో ఇలా రాశాను: బొమ్మలో ఏముందో ఉన్నది ఉన్నట్టు, వెకిలి చిత్రణ అన్న మాట తప్పకుండా, కార్డు మీది అవమానపు మాటలు కొటేషన్ గుర్తుల మధ్య. ఈ పేజీలను పుస్తకం నుంచి తీసి దాచడం లేదు. వీటిని దాస్తే మిగిలిన గులాబీ బుగ్గలు అబద్ధం చెబుతాయి. అయితే ముఖచిత్రంగానో, వివరం లేకుండా విడి బొమ్మగానో ఎక్కడా పెట్టను.

సెప్టెంబరు 6

అంచులు కొలుస్తుంటే కొత్త సంగతి బయటపడింది. మామూలుగా కార్డు అయిదంగుళాల పొడవుంటుంది. నా పుస్తకంలో 46 కార్డులు అంతకంటే పొట్టివి. కంపెనీలు పొట్టిగా వేశాయనుకుంటూ వచ్చాను. కింది అంచును పక్క దీపంలో చూస్తే కత్తెర ఆగి ఆగి నడిచిన మెట్లు. ఒక చోట తెగకుండా మిగిలిన అక్షరాల తలలు. పుస్తకం పిల్ల, దుకాణం పేరున్న పట్టీని కత్తిరించి పారేసి, బొమ్మను మాత్రం అతికించుకుంది.

అన్నింటికీ అలా చేయలేదు. మొదటి పది ఆకుల్లో పేర్లన్నీ ఉన్నాయి. 11వ ఆకు నుంచి కోత మొదలవుతుంది. మొదట వంకరగా, తర్వాత తర్వాత తిన్నగా. 25వ ఆకు దాటాక పాప జుట్టు అంచు వెంట, చేతివేళ్ల సందుల్లో కూడా కత్తెర తిరిగింది. పుస్తకం నిండేలోగా ఆమె చేయి తిరిగింది. అక్కడక్కడా గులాబీ చుక్కల మధ్య పిండి జిగురుతో పడిన వేలిముద్ర ఉంది. నా చిటికెన వేలి కొన కంటే చిన్నది.

వేలిముద్రలున్న చోట్లు ఏడు. పట్టికలో వాటికి ఒక గడి చేర్చాను.

సెప్టెంబరు 14

చివరి రెండు ఆకులు ఇవాళ్టితో పూర్తి. 38వ ఆకు వెనుక పేజీ ఖాళీ అనుకుని మొదట్లో ఫోటో తీయలేదు. దీపం పక్కకు వంచితే పెన్సిల్ గీతలు కనిపించాయి. తొమ్మిది గడులు, మూడు వరుసల్లో. మధ్య గడి మిగిలిన వాటికంటే కాస్త పెద్దది.

కవరులోని తొమ్మిది కార్డులూ తెచ్చి తొడుగులతోనే గీతల మీద పెట్టి చూశాను. మధ్య గడిలో సిరప్ కార్డు గీత దాటకుండా కూర్చుంది. దాని చుట్టూ దారాల పిల్లలు అయిదుగురు, సబ్బు పిల్లలు ఇద్దరు, పింకమ్ గారి మనవలు. పై వరుసలో రెండు కార్డులు అటూఇటూ అయ్యాయి. మార్చి పెట్టాక అందరూ మధ్యలో ఉన్న తల్లి వైపు తిరిగారు.

ఫోటో తీశాను. ఫైలు పేరు 38-వెనుక. కార్డులను తిరిగి కవరులో పెట్టలేదు. ఆమ్లం లేని దళసరి కాగితం ఒకటి అదే కొలతకు కోసి, అవే తొమ్మిది చోట్ల మూలలు పట్టే పట్టీలు పెట్టి, జిగురు లేకుండా అమర్చి, 38వ ఆకు పక్కన ఉంచాను. పట్టీల నుంచి తీసి తిప్పితే వెనుక వైపు చదువుకోవచ్చు.